తండ్రి దస్తూరి: 'వై' క్రోమోజోము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)

  

కోనసీమలో పిల్లవానికైనను తెలిసిన సంగతి యొకటి కలదు. కొబ్బరిచెట్టునకు ఒకే గెలలో ఆడపూవులు, మగపూవులు రెండును పూయును. కావున ప్రతి చెట్టును కాపునకు వచ్చును. చేనిగట్టు మీది తాటిచెట్టు అట్లు కాదు. పోతుతాడి నెన్నాళ్లు పెంచినను కాయ కాయదు. కాయలేదని పక్కనున్న ఆడతాడిని ఎవ్వరును నిందింపరు. మనుష్యుల యింట మాత్రము, బిడ్డలు కలుగకున్నను, కలిగినవారందరు ఆడపిల్లలే యైనను, నింద కోడలి తలపైననే పడుచున్నది. ఈ నింద ఎంతవరకు న్యాయమో తెలిసికొనుటకు 'వై' క్రోమోజోము చరిత్రము మిక్కిలి ఉపకరించును.

మనుష్యుని దేహకణములలో క్రోమోజోములు 23 జతలు. వానియం దొక జత స్త్రీకి 'ఎక్స్'లు రెండు. పురుషునకు 'ఎక్స్' ఒకటి, 'వై' ఒకటి. తల్లి తన బిడ్డకు 'ఎక్స్' తప్ప మరియొకటి ఇయ్యజాలదు. తండ్రి వలన 'ఎక్స్' వచ్చిన ఆడుబిడ్డ, 'వై' వచ్చిన మగబిడ్డ. 1905లో అమెరికాయందు నెట్టీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగులను పరిశీలించి ఈ భేదమును కనుగొనెను. 1990లో లండను శాస్త్రజ్ఞులు 'వై'లో మగతనమును నిర్ణయించు జన్యువును పట్టుకొనిరి. ఆడపిల్లలను కన్నదని కోడలిని పుట్టింటికి పంపిన అత్తగారు, ఈ లెక్కను, తన కుమారునే పంపవలసి యుండెను. అయినను పాపము, అదియు అతని చేతిలోని పని కాదు.

తండ్రి దస్తూరిని చూచి కొడుకు ప్రతి వ్రాసికొన్నట్లు, 'వై' పురుషుని నుండి పురుషునకు గోత్రమువలె దిగివచ్చును. అట్లని గోత్రమును 'వై'ను ఒకటే యనుకొనరాదు. దత్తపుత్రునకు గోత్రము మారును గాని 'వై' మారదు.

డేవిడ్ పేజ్ అను అమెరికను శాస్త్రజ్ఞుని బృందము 2003లో ఈ క్రోమోజోమునందలి ముఖ్యభాగమును చదివి ప్రకటించెను. అయినను సగమునకు పైగా పాఠము ఖాళీగనే మిగిలెను. ఏలయన, 'వై' రచనయే చిత్రమైనది. తక్కిన క్రోమోజోములు తమ జతతో సరిచూచుకొని తప్పులు దిద్దుకొనును. 'వై'కి చాలమేరకు అట్టి జత లేదు. కావున తన పాఠమునే అటునుండి యొకసారి, ఇటునుండి యొకసారి వ్రాసి దాచుకొన్నది. 'వికటకవి' అను మాటను ఎటు చదివినను ఒకటియే గదా! అట్టి నిర్మాణములలో పెద్దది దాదాపు 29 లక్షల అక్షరముల పొడవు. ఇవి గాక, ఒకే మాట వేలమారులు వచ్చు పుటలు. ఒక తాళపత్ర గ్రంథము తునుకలై, ప్రతి తునుక మీదను అదే పల్లవి యున్నచో, ఏది ఎచ్చటిదో ఎట్లు చెప్పగలము? ఒక్కమారే లక్షకు పైగా అక్షరములను చదువు యంత్రములు వచ్చిన పిమ్మటనే ఆ చిక్కు వీడినది. 2023 ఆగస్టులో ఆరాంగ్ రీ, ఆడమ్ ఫిలిప్పీ మొదలగు పలువురు శాస్త్రజ్ఞులు మొదటి సంపూర్ణ పాఠమును 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. దానియందు అక్షరములు 6,24,60,029. అందు 3 కోట్లకు పైగా అదివరకు ప్రామాణిక పాఠమున లేనివే.

దీని వలన ఆరోగ్యమునకేమి లాభమని ప్రశ్న. ప్రతులు వ్రాయు లేఖకుని చూపు ఒక పాదము నుండి దానినే పోలిన వేరొక పాదమునకు జారినచో నడుమనున్న పద్యములు లుప్తమగును. 'వై'లోను అట్లే జరుగును; పోలికగల భాగములు ఒండొంటితో ముడిపడి నడిమి జన్యువులు రాలిపోవును. రాలినవి వీర్యకణముల ఉత్పత్తికి కావలసినవైనచో, పురుషుడు చూచుటకు దృఢకాయుడై యుండియు సంతానహీనుడగును. 1976లో ఇటలీ శాస్త్రజ్ఞులు టియెపోలో, జుఫార్డీలు దీని జాడ తొలుత తీసిరి. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి.యందు తంగరాజు, లాల్జీ సింగు మొదలగువారు వీర్యకణములు లేని 340 మందిని పరీక్షింపగా 29 మంది 'వై'లో లోపములు కనబడెను. ఇది 2003లో ప్రకటితము. ఈ లాల్జీ సింగుగారు యౌవనమున కట్లపాము క్రోమోజోములను శోధించిన వారు. ఆ పాముజాతికి శాస్త్రమున 'బంగారస్' అని పేరు. అది మన 'బంగారు' శబ్దమే!

తక్కిన 311 మంది మాట యేమందురా? సంతానహీనతకు కారణములు పెక్కు. స్త్రీ యందును ఉండవచ్చును. కాని పురుషుని పరీక్షింపకయే స్త్రీకి మందులు మ్రింగించుట, కొబ్బరితోట తాకట్టుపెట్టి ఊరూర తిప్పుట, పిమ్మట రెండవ పెండ్లి మాట యెత్తుట, ఇది ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు. భారతకథయందు సైతము సంతతికి అడ్డువచ్చిన శాపము పాండురాజుదే గాని కుంతిది కాదు. వీర్యపరీక్ష సులువైనది. అందు కణములు లేవని తేలినపుడు 'వై' పరీక్ష దారి చూపును. ఎ.జెడ్.ఎఫ్.-ఎ, లేక బి అను భాగము పూర్తిగా పోయినచో శస్త్రచికిత్సచే కణములను వెదకుట దాదాపు వ్యర్థము. ఆ ధనము మిగులును. సి-భాగము మాత్రమే పోయినచో కణములు పలువురియందు దొరకును, బిడ్డ కలుగవచ్చును. కాని పుట్టిన కుమారునకు ఆ లోపమే సంక్రమించును. ఆ మాట దంపతులకు ముందే చెప్పవలెను.

వృద్ధులకొక మాట. వయస్సు మీరినకొలది కొందరు పురుషుల రక్తకణములలో 'వై' జారిపోవును. పొగత్రాగువారిలో ఇది అధికము. 2022లో ఎలుకలపై చేసిన శోధనలో, ఇట్లు 'వై' పోయిన రక్తకణముల వలన గుండె కండరము గట్టిపడుట కనబడెను. చుట్ట వెలిగించు పెద్దలు దీనిని చిత్తగింతురు గాక.

సంపూర్ణ పాఠము వచ్చినను పని ముగియలేదు. అది ఒక్క పురుషునిది. 2023లోనే 43 మంది 'వై'లను కూర్చి చూడగా పొడవు 4.5 కోట్ల నుండి 8.5 కోట్ల అక్షరముల దాక మారుచున్నది. ఏది లోపమో, ఏది కేవలము పాఠాంతరమో తేల్చుటకు పెక్కు ప్రతులు కావలెను. 2015లో పూర్తియైన 'వేయి జీనోముల' సేకరణలో బ్రిటనున నివసించు తెలుగువారి నమూనాలును చేరియున్నవి.