గుమాస్తా నేర్పిన విద్య



రోజువారీ ఒత్తిడిని తట్టుకోవడానికి ఎరుకతో ఉండే అభ్యాసం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను స్వామీజీని కాను, డాక్టరును కాను, ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయితే ఈ విద్యను ఈ కాలానికి అందించినవారిలో ముఖ్యులొకరు గుమాస్తాగానే ఉద్యోగం మొదలుపెట్టారు కనుక, మాట్లాడే హక్కు కొంత మనకూ ఉందనుకుంటాను.

ఆయన పేరు ఊ బా ఖిన్. 1899లో రంగూన్‌లో పుట్టారు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1926లో అకౌంట్స్ సర్వీసు పరీక్ష పాసయ్యారు. డిపార్టుమెంటు పరీక్షల కోసం రాత్రుళ్లు మేలుకొన్న మనకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. బర్మా మన దేశం నుంచి విడిపోయిన 1937లోనే సయా తెట్‌జీ అనే రైతు దగ్గర ధ్యానం నేర్చుకున్నారు. ఆఫీసరుకు గురువు ఒక సేద్యగాడు! 1948లో స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్ అయ్యారు. 1950లో ఆఫీసు సిబ్బంది కోసమే ధ్యాన సంఘం పెట్టారు. 1967 దాకా ఉద్యోగం మానలేదు. లెక్కలు, ఆడిట్లు, ధ్యానం ఒకే మనిషి దగ్గర కలిసి నడిచాయి.

ఆయన శిష్యుడే గోయెంకా గారు. మాండలేలో పుట్టిన వ్యాపారి. 1955లో తీవ్రమైన పార్శ్వపు నొప్పితో వెళితే, కేవలం తలనొప్పి పోగొట్టుకోవడానికైతే రావద్దని గురువు మొదట ఒప్పుకోలేదట. ఆ మాట గోయెంకా గారే చెప్పుకున్నారు. 1969లో ఇండియాకు వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. హైదరాబాదు వనస్థలిపురం దగ్గర ఉన్న ధమ్మఖేత్త 1976లో ఆరంభమైంది. పది రోజుల శిబిరం, మౌనం, ఫీజు లేదు. 1994లో తీహార్ జైలులో ఒకేసారి వెయ్యి మందికి పైగా ఖైదీలు కూర్చున్నారు. అటు అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆస్పత్రిలో, మందులతో తగ్గని నొప్పులున్నవారికి ఎనిమిది వారాల పాఠం తయారుచేశారు. ఇప్పుడు ఆస్పత్రుల్లో, కంపెనీల్లో నేర్పేది చాలావరకు దాని వరుసే.

ఇంతకూ ఇందులో చేసేదేమిటి? మండలాలు రాకముందు తాలూకా ఆఫీసులో పనిచేసినవారికి రెయిన్‌గేజి గుర్తుండే ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లి చూడాలి, ఎంతుంటే అంత రాయాలి. మన అనంతపురంలో ఏడాదికి సగటున ఐదున్నర వందల మిల్లీమీటర్లు. రాజస్థాన్ ఎడారి జిల్లాలతో పోల్చి చెప్పుకునే వాన. కాబట్టి చాలా రోజులు 'నిల్' అనే రాశాము. పాత్ర ఖాళీగా ఉందని దానితో ఎవరూ పోట్లాడలేదు, రెండు చుక్కలు కలిపీ రాయలేదు. ఊపిరిని చూడటమూ అంతే. లోపలికి పోతున్నది, బయటికి వస్తున్నది. పొడుగైతే పొడుగు, పొట్టిదైతే పొట్టి. ప్రాణాయామంలో మాదిరి బిగపట్టేది లేదు. మనసు కోడలి మాట మీదికో, డి.ఏ. బకాయి మీదికో పోతుంది. పోయిందని తెలిసిన క్షణమే అసలు పని జరిగింది. తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవాలి. నూరుసార్లు పోతే నూరుసార్లూ తేవాలి.

అమెరికా పాఠంలో ఒక ఎండుద్రాక్షను నిదానంగా తినిపిస్తారు. మనకు ద్రాక్ష ఎందుకు, శెనక్కాయలున్నాయి. ఒక కాయ చేతిలోకి తీసుకుని గరుకు చూడండి, ఒలిచే చప్పుడు వినండి, ఎర్రటి పొట్టు చూడండి, ఒక్క విత్తనం నాలుక మీద ఉంచి వెంటనే నమలకండి. పుట్టినప్పటి నుంచి తింటున్నదే అయినా కొత్తగా ఉంటుంది. పిల్లలకు నేర్పాలన్నా ఇదే సులువు. వంటింటి నుంచి కదలలేని అక్కలు గిన్నె తోమేటప్పుడు నీటి చల్లదనం మీద మనసు పెట్టినా చాలు.

ఇక మన ఒత్తిళ్లు మనకు తెలియనివి కావు. లైఫ్ సర్టిఫికెట్‌కు పోతే అరిగిన వేలిముద్ర మిషను మీద పడదు. వెనక క్యూలో వారు విసుక్కుంటారు, మనకు గుండె దడ. అప్పుడు మూడు ఊపిర్లు చూసుకుంటే వేలిముద్ర పడుతుందని చెప్పను. కౌంటరులోని అబ్బాయి మీద అరవకుండా, ఇంకో వేలు పెట్టి చూద్దామనే తెలివి మిగులుతుంది. అది చిన్న లాభం కాదు.

కొన్ని సంగతులు గట్టిగా చెప్పాలి. దీన్ని నమ్ముకుని బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు మానకండి. 2014లో అమెరికా పరిశోధకులు 47 పరీక్షలను, 3515 మంది వివరాలను కలిపి చూశారు. ఆందోళన, దిగులు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయని తేల్చారు. మందుల కంటే, వ్యాయామం కంటే మేలని మాత్రం తేలలేదు. పెద్ద దుఃఖంలో ఉన్నవారికి, పాత భయాలున్నవారికి కళ్లు మూసుకుని కూర్చుంటే గుబులు ఎక్కువ కావచ్చు. అలాంటివారు కళ్లు తెరిచి నడవడం మేలు, డాక్టరును కలవడం ఇంకా మేలు.

రెండో సంగతి. శెనగ పంట ఎండి, బోరు పడక, అప్పు తీరని రైతు దగ్గరకు పోయి "ఊపిరి చూసుకో నాయనా" అంటే అది ఎగతాళి. అతనికి కావలసింది పంట బీమా, పెట్టుబడి, పశువుకు మేత. మన జిల్లాలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. మనలో సగం మందికి ఊళ్లో సేద్యం చేసే తమ్ముడో, అల్లుడో ఉన్నాడు. అతను మాట తగ్గించాడని, తిండి మానాడని అనుమానం వస్తే ఉపదేశం చేయకండి. పక్కన కూర్చుని వినండి, అప్పు కాగితాలు చూసి బ్యాంకుకు వెంట పోండి, అర్జీ మీరే రాసి పెట్టండి. ఆ పని మనకు బాగా వచ్చు. 14416 అనే టెలీ మానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

మోకాళ్ల నొప్పులవారు పద్మాసనం జోలికి పోవద్దు, కుర్చీ చాలు. పాదాలు నేలకు ఆనించండి, వీపు నిటారుగా పెట్టండి. మొదటి వారం ఐదు నిముషాలే. రోజూ ఒకే వేళకు కూర్చుంటే అలవాటవుతుంది. టీ రావడానికి ఇంకా ఐదు నిముషాలుంది. ఫోన్లు ఆపుదాం. ఎవరికైనా దగ్గు వస్తే మొహమాటం వద్దు, దగ్గేయండి.