నర్సులకు పని కఱవు

కఱవు అను మాట నల్లగొండ, పాలమూరు సీమలలో ఎవరికిని క్రొత్త కాదు. వానల కఱవు, నీటి కఱవు, మేత కఱవు మనము తరతరములుగా చూచినవే. ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది మఱియొక కఱవును గుఱించి. చదువు ముగించి, పరీక్షలలో గెలిచి, చేత పట్టా పట్టుకొని యున్న మన నర్సు బిడ్డలకు కలిగిన పని కఱవు అది. ఇంటరు దాటి, మూడేండ్లు జనరల్ నర్సింగో నాలుగేండ్లు బి.ఎస్సీ. నర్సింగో చదివి, నర్సుల మండలిలో పేరు వ్రాయించుకొని, తీరా ఇంటిపట్టున కూర్చున్న బిడ్డలు మన గ్రామములలో కలరు. మగపిల్లలును కొందఱు ఈ వృత్తిలో దిగినారు; వారి స్థితియు నిట్టిదే. "ఇంకను కొలువు రాలేదా?" అని వచ్చినవారెల్ల ఆమె నడుగుదురు. ఆ ప్రశ్నకు ఆమెకడ సమాధానము లేదు. అది ఎవరి నడుగవలసిన ప్రశ్నయో విచారింతము.

మొదట, పని నిజముగా లేదా? ఉన్నది, కావలసినంత యున్నది. 2016లో విడిపోయిన పాత మహబూబునగరు జిల్లానే చూడుడు. మహబూబునగరున 2016లోను, నాగర్‌కర్నూలు, వనపర్తులయందు 2022లోను, గద్వాల, నారాయణపేటలయందు 2024లోను సర్కారు వైద్య కళాశాలలు మొదలైనవి. పాత నల్లగొండలో నల్లగొండ, సూర్యాపేట కళాశాలలు 2019లోను, యాదాద్రి కళాశాల 2024లోను వచ్చినవి. బీబీనగరున కేంద్ర ప్రభుత్వమువారి ఎయిమ్స్ 2019 నుండి వైద్య విద్యార్థులను చేర్చుకొనుచున్నది. ప్రతి వైద్య కళాశాలకును పెద్ద దవాఖాన యుండవలెను గదా. బోధన జరుగు దవాఖానలో మూడు పడకలకు ఒక నర్సు, తక్కిన దవాఖానలలో అయిదు పడకలకు ఒక నర్సు ఉండవలెననియు, సెలవులకై నూటికి ముప్పదిమందిని అదనముగా నుంచవలెననియు భారత నర్సింగు మండలివారు ఏర్పఱచిన లెక్క కలదు. ఆ లెక్కన 300 పడకలు గల బోధన దవాఖానకు 130 మంది నర్సులు కావలయును. మీరు ఏ వార్డులోనైనను బంధువునకు తోడుగా ఒక రాత్రి గడిపియున్నచో, అచ్చట ఎందఱుందురో మీ కన్నులే చెప్పును. సెలైను సీసా ఖాళీ కాగా నర్సును వెదకుచు వరండాలో పరుగెత్తినవారు మనలో తక్కువమంది కారు.

అంతేకాదు. ఫ్లోరైడు నీటివలన నడుములు వంగి, కీళ్లు బిగిసిపోయినవారిని మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో మనము చూచియున్నాము. మంచి నీరు వచ్చినచో క్రొత్తవారికి ఆ బాధ తప్పును గాని, ఒకసారి వంగిన వెన్నెముక మరల నిలువబడదు. అట్టివారికి కావలసినది పరిచర్య. ప్రపంచమంతట నిదే లోటు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2023 నాటికి లోకమున 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు కలరు. ఇంకను 58 లక్షల మంది తక్కువగుచున్నారు. రోగికి నర్సు దొరకదు; నర్సుకు పని దొరకదు. ఈ రెండు మాటలును ఏకకాలమున ఎట్లు నిజమగును?

అవసరము వేఱు, కొలువు వేఱు. రోగి అవసరము ప్రతిదినము పుట్టును. కొలువు పుట్టవలెనన్న ఖజానా నుండి జీతము మంజూరు కావలెను, ప్రకటన రావలెను, పరీక్ష జరుగవలెను. ఇవి ఏటేట వచ్చు పంట వలె రావు. చెఱువు అలుగు పాఱినట్లు ఒక్కసారి వచ్చి, పిమ్మట ఏండ్లకొలది ఎండియుండును. మన రాష్ట్రమున 2017లో 3,311 స్టాఫు నర్సు కొలువులకు ప్రకటన వచ్చెను. ఆ తరువాతి పెద్ద ప్రకటన 2022 డిసెంబరు 30వ తేదీన, 5,204 కొలువులకు వచ్చినది. పిదప ఆ సంఖ్యను 7,094కు పెంచిరి. 2023 ఆగస్టు 2న పరీక్ష జరిగెను. సుమారు నలువదివేల మంది దరఖాస్తు పెట్టుకొనిరి. 2024 జనవరి 31న హైదరాబాదులో 6,956 మందికి నియామక పత్రము లిచ్చిరి. అది చాల సంతోషకరమైన దినము. అదే సంవత్సరము సెప్టెంబరులో మఱి 2,050 కొలువులకు ప్రకటన రాగా, నవంబరు 23న జరిగిన పరీక్షకు మరల నలువదివేలకు పైగా వచ్చిరి.

ఈ లెక్క నొకసారి నిదానముగా చూడుడు. ఏడువేల మందికి పని దొరకిన పది నెలలకే, వరుసలో నిలిచినవారి సంఖ్య తగ్గలేదు. మొదటిసారి ఒక్కొక్క కొలువునకు అయిదాఱుగురు పోటీ పడిరి. రెండవసారి ఒక్కొక్క దానికి ఇరువదిమంది. కళాశాలలు ఏటేట క్రొత్తవారిని పంపుచున్నవి; కొలువులు ఏటేట రావు. కావున ఇరువదిమందిలో పందొమ్మండుగురు ఓడినారనుట న్యాయము కాదు. ఒక గిన్నెలో ఒకరికి చాలు కూడు పెట్టి ఇరువదిమందిని విస్తళ్ల ముందు కూర్చుండబెట్టినచో, ఆకలితో లేచినవారిని తప్పుపట్టుదుమా?

అవసరము మిక్కుటమైనప్పుడు పిలిచి, తీఱిన పిమ్మట పంపివేయుటయు మనము చూచితిమి. కోవిడు కాలమున ఔట్‌సోర్సింగు పద్ధతిని తీసికొనిన నర్సులను, 2021 జూలైలో పదునాఱువందలకు పైగా, రాష్ట్రప్రభుత్వము పనినుండి తొలగించినది. అయినవారు కూడ దగ్గఱకు రాజాలని రోగులకు ఊపిరి గొట్టములు సరిచూచినవారు వారే.

ఇక ప్రైవేటు దవాఖానల సంగతి. అచ్చట పని దొరకును గాని, జీతము ఇంటి అద్దెకును బస్సు ఖర్చునకును చాలని తావులు పెక్కు కలవు. 2016 జనవరి 29న సుప్రీంకోర్టువారు ఈ విషయమై కమిటీ వేయవలసినదిగా కేంద్రప్రభుత్వమును ఆదేశించిరి. ఆ కమిటీ చేసిన సిఫారసు ఇది: 200 పడకలకు మించిన దవాఖానలో సర్కారు నర్సుతో సమానమైన జీతము, 100 మొదలు 200 వఱకు నూటికి పదికంటె తగ్గరాదు, 50 మొదలు 100 వఱకు నూటికి ఇరువదియైదుకంటె తగ్గరాదు, 50 పడకలలోపు నెలకు 20,000 రూపాయలకు తక్కువ కారాదు. సిఫారసు మంచిదే. కాని సర్కారు దానికి చట్టబలము కూర్చనిదే అది యజమానిని కట్టివేయజాలదు. శిక్షణ పేరిట నెలలతరబడి జీతము లేక పని చేయించుకొనువారు, నియామక పత్రమే యీయనివారు, అసలు సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకొని బిడ్డను కదలనీయనివారు నున్నారు. ఊరు పేరు చెప్పనక్కఱలేదు. బిడ్డ నడిగిన తెలియును.

ఇట్టి కాలమున పెద్దలు చేయదగిన పనులేవి? నాకు తోచినవి చెప్పెదను.

చేర్పించుటకు ముందు కళాశాల మేడను చూడకుడు, దానికి గల దవాఖానను చూడుడు. అందు పడకలెన్ని, రోగులెందఱు, కాన్పులు జరుగునా, రాత్రివేళ అత్యవసరపు రోగులు వత్తురా, అని అడుగుడు. నర్సు విద్య చేతితో నేర్చునది. పది సూదులు వేయనివాని చేయి వణకును. నూఱు కాన్పులు చూచినదాని చేయి వణకదు. నర్సుల మండలి గుర్తింపు ఆ సంవత్సరమునకు ఉన్నదా లేదా అని విచారింపుడు. ఫీజు రీయింబర్సుమెంటు ఆలస్యమైనచో సర్టిఫికెట్టు ఆపుదురా అనునదియు ముందే అడిగి, కట్టిన ప్రతి రూపాయకును రసీదు తీసికొనుడు.

రెండవది, సేవకు గల మార్కుల సంగతి. 2022, 2024 ప్రకటనలలో పరీక్షకు 80 మార్కులు; సర్కారు దవాఖానలలో కాంట్రాక్టు లేక ఔట్‌సోర్సింగు పద్ధతిని చేసిన సేవకు 20. ఆఱు నెలల సేవకు రెండు మార్కులు. గిరిజన ప్రాంతమందైనచో రెండున్నర. అనగా మైదానమున అయిదేండ్లకు నిండు నవి, నల్లమలలో అమ్రాబాదు వంటి గిరిజన ప్రాంతమున నాలుగేండ్లకే నిండును. ప్రైవేటు దవాఖానలో పదేండ్లు పనిచేసినను ఈ ఇరువదిలో ఒక్కటియు రాదు. ఒక్క మార్కు కొఱకు వందలమంది వెనుకబడు పోటీలో ఇది చిన్న సంగతి కాదు. కావున "అడవిలో కొలువా, రాత్రి డ్యూటీయా, ఆడుపిల్లను పంపము" అని తిరస్కరించుటకు ముందు ఒకటికి రెండుమార్లు ఆలోచింపుడు. పనిచేసిన కాలమునకు అధికారివద్ద సేవాపత్రము తీసికొని భద్రపఱచుట మఱవకుడు.

మూడవది విదేశముల మాట. పాలమూరు కూలీలు దేశదేశముల ఆనకట్టలు కట్టినవారు. గుంపు మేస్త్రి ఊరికి వచ్చి, బయానా చేతిలో పెట్టి, కుటుంబములను లారీ యెక్కించుకొనిపోయిన కథ మీలో పెద్దవారికి బాగుగా తెలియును. లెక్క చూచునాటికి కూలీయే బాకీ పడియుండెడివాడు. నేటి ఏజెంటు ఇంగ్లీషు మాటలాడును. చొక్కా తెల్లగా నుండును. ఒక్కటే భేదము, మేస్త్రి బయానా ఇచ్చెడివాడు, ఇతడు మనవద్దనే తీసికొనును. కేంద్రప్రభుత్వమువద్ద నమోదైన ఏజెంటు 30,000 రూపాయలును దానిపై పన్నును మించి రుసుము పుచ్చుకొనరాదని నియమము. లక్షలు అడిగినవానిని అచ్చటనే ఆపుడు; భూమి పాసుపుస్తకము వానికొఱకు తాకట్టు పెట్టకుడు. గల్ఫు మొదలగు దేశములకు నర్సులను పంపు విషయమున 2015లో కేంద్రము కట్టుదిట్టములు చేసి, ప్రభుత్వ సంస్థల ద్వారా సాగవలెనని నియమించినది. మన రాష్ట్రమునకు హైదరాబాదులో టామ్‌కామ్ అను సర్కారు సంస్థ కలదు. జర్మనీకి పోగోరు నర్సులకు ఆ భాష నేర్పించి పంపు ఏర్పాటు దానికి కలదు. ఇంగ్లండులో వృద్ధుల పరిచారకుల పనికి విదేశములనుండి క్రొత్తగా చేర్చుకొనుట 2025 జూలై 22తో నిలిచిపోయినది. ఆ వీసా ఇప్పించెదనని ఇప్పుడు వచ్చువాడు అబద్ధము చెప్పుచున్నాడని తెలిసికొనుడు.

చివరది మన ఊరికే చెందినది. 2022లో పల్లె దవాఖానలకై 1,569 కొలువులు ప్రకటించిరి. వైద్యులకు నెలకు 40,000 రూపాయలు. వైద్యులు దొరకనిచోట అర్హతగల నర్సులకు 29,900. నర్సు తన మండలముననే గౌరవముగా బ్రదుకగల త్రోవ ఇది. ఏ.ఎన్.ఎమ్. కొలువుల గతి వేఱొక రీతిగా నుండెను. వానికి 2023 జూలైలో ప్రకటన రాగా, పరీక్ష 2024 డిసెంబరునకు గాని జరుగలేదు. ఆ ఏడాదిన్నరలో ఖాళీగా నున్న ఉపకేంద్రములకై ఎన్ని గ్రామసభలు తీర్మానములు చేసి పంపినవి? రోడ్డుకొఱకు, మోరీకొఱకు, స్మశానముకొఱకు మనము తీర్మానించుచున్నాము. రాత్రి నొప్పులు వచ్చిన కోడలికి చేయూత నిచ్చుదానికొఱకు తీర్మానించుట మనకు అలవాటు కాలేదు. వచ్చిన నర్సు రెండు నెలలలో ఊరు విడిచిపోయెనని నిందింతుము గాని, తలుపునకు గడియయు, వాకిట దీపమును గల గది యొకటి ఆమెకు అద్దెకిచ్చితిమా అని ఆలోచింపము.

పెద్దలారా, వచ్చు గ్రామసభలో లేచి మూడు ప్రశ్న లడుగుడు. మన ఉపకేంద్రమున మంజూరైన కొలువులెన్ని? అందు ఖాళీలెన్ని? ఎన్ని నెలలనుండి ఖాళీగా నున్నవి? జవాబును కాగితముపై వ్రాయించి, పంచాయతీ తీర్మానముతో జిల్లా వైద్యాధికారికి పంపుడు. జవాబు రానిచో మరల పంపుడు. ఇంటికి పోయిన పిదప, పుస్తకము ముందు పెట్టుకొని తరువాతి పరీక్షకు చదువుకొనుచున్న బిడ్డను కొలువు సంగతి యడుగకుడు. ఆ ప్రశ్న నడుగవలసినచోట అడిగివచ్చితిమని ఆమెతో చెప్పుడు.