భుజమునకు బిగింపు



మాకు తెలిసిన వడ్రంగి యొకడు ఇటీవల మమ్మడిగెను: “అయ్యా, నా భుజమునకు ఆపరేషను చేయుదురట. అన్నిటికన్న గట్టి మర వేయించుకొన్నచో పది దినములలో బాడిస పట్టవచ్చునా?” ఆ ప్రశ్నకు సమాధానమే నేటి మా ప్రసంగము.

చేయి మడచినప్పుడు దండయందు పొంగు కండకు ద్విశిర కండరమని పేరు. దీనికి పైన రెండు తలలు కలవు. అందు పొడవైన తల త్రాడువంటి స్నాయువుగా మారి, దండయెముక మీది గాడి వెంట సాగి, భుజపు కీలులోనికి చొచ్చి, రెక్కయెముకకు అంటియుండును. ఒరిపిడిచే ఈ త్రాడు చివికినచో భుజము ముందువైపున నొప్పి పుట్టును. మందులును వ్యాయామమును ఫలింపనిచో శస్త్రచికిత్స ఆలోచింతురు.

త్రాడును కోసి విడుచుట సులభము. కాని కండ క్రిందికి జారి ముద్ద కట్టవచ్చును, బరువు పనిలో ఈడ్పు కలుగవచ్చును. కావున శ్రమజీవులకు తరచు ఆ కొనను దండయెముకకే బిగింతురు.

బిగించు విధములు ముఖ్యముగా మూడు. మొదటిది మర: ఎముకకు రంధ్రము తొలిచి, కొనను అందు దింపి, ప్రక్కన మర త్రిప్పుదురు. ప్రయోగశాలలో లాగి చూచిన పెక్కు పరీక్షలలో ఇది మిక్కిలి బలమైనదిగా తేలినది. అయితే రంధ్రము పెద్దది. అరుదుగానైనను ఎముక అచ్చటనే విరుగవచ్చును. రెండవది దారముల మేకు: చిన్న రంధ్రము చాలును, దారములతో కొనను ఎముకపై అదిమి కట్టుదురు. మూడవది లోహపు బొత్తాము: సన్నని రంధ్రము గుండా దూర్చి ఎముక గోడకు అడ్డముగా నిలుపుదురు. వెనుక గోడను గూడ తొలిచినచో ఆ ప్రక్కనున్న నరమును కాచుకొనవలెను.

ఇక ఏది మేలు? ప్రయోగశాలలో భేదమున్నను, రోగుల నొప్పి, బలము పరిశీలించిన అధ్యయనములలో ఫలితములు చాలవరకు సమానముగనే యున్నవి. ఏలయన, ఏ సాధనమైనను తాత్కాలికపు పట్టు మాత్రమే. త్రాడు ఎముకతో కలిసి మానుటయే అసలు బిగింపు. అందులకే సాధారణముగా సుమారు 6 వారములు ఆ చేతితో బరువెత్తరాదందురు. ఎముక గట్టితనము, రోగి వృత్తి, వైద్యుని చేతి అలవాటు చూచి సాధనము నిర్ణయింపబడును.

వడ్రంగికి మేమిట్లు చెప్పితిమి: “జిగురు ఆరకముందే బిగింపు విప్పుదువా?” అతడు నవ్వి, బాడిసను కొడుకు చేతికిచ్చెను.