గోడకు ఇవతలి వాళ్ళం

(గృహహింసపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస గురించి మాట్లాడమంటే చట్టంతో మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈరోజు ఒక పాటల ఆల్బమ్‌తో మొదలుపెడతాను.

ట్రేసీ చాప్‌మన్ 1964లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టిన నల్లజాతి గాయని. ఆంత్రొపాలజీ చదువుకుంది. 1988లో ఆమె పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. 11 పాటలూ తనే రాసింది. ఆ సెప్టెంబర్ 30న ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మానవ హక్కుల కచేరీలో భాగంగా ఢిల్లీలో కూడా పాడింది.

మొదటి పాట పేదల తిరుగుబాటు గురించి. రెండోది ‘ఫాస్ట్ కార్’. తల్లి వెళ్ళిపోతే, తాగుబోతు తండ్రిని చూసుకోవడానికి చదువు మానేసిన అమ్మాయి కథ. ఆమె నమ్మి వెంట వెళ్ళినవాడూ చివరికి తాగుడులోనే పడతాడు. ఇల్లు గడిచేది ఆమె సంపాదనతోనే. మూడోది జాతి విద్వేషం గురించి. వీటిలో రాజకీయమేది, సొంత గోడు ఏది అని విడదీయడం నా వల్ల కాలేదు.

నాలుగోది ‘బిహైండ్ ది వాల్’. రెండు నిమిషాలు కూడా ఉండదు. వాద్యాలేవీ లేవు, ఒక్క గొంతే. రాత్రి గోడ అవతల నుంచి అరుపులు. పోలీసులను పిలిచినా లాభం లేదనుకుంటుంది పాడే మనిషి. వాళ్ళు వచ్చినా ఆలస్యంగా వస్తారు, మొగుడూ పెళ్ళాల మధ్య జోక్యం చేసుకోలేమంటారు. చివరికి అంబులెన్స్ వస్తుంది.

ఈ పాటను దెబ్బలు తిన్న స్త్రీ చేత పాడించలేదు చాప్‌మన్. పక్కింట్లో నిద్రపట్టక వింటున్న మనిషి చేత పాడించింది. మనం బాధితురాలిని ఎన్నో అడుగుతాం: ఎందుకు భరించావు, ఎందుకు బయటికి రాలేదు? ఇరుగుపొరుగును మాత్రం ఏమీ అడగం.

2004లో, పరిశోధన చేస్తున్న రోజుల్లో, నా అద్దె ఇంటి పక్క వాటాలోనూ అలాంటి రాత్రులుండేవి. స్త్రీలపై హింస గురించి చదువుతూనే నేను టీవీ శబ్దం పెంచేదాన్ని. పొద్దున మెట్ల మీద “కూరేం చేస్తున్నారు?” అని ఆమే పలకరించేది. నేను ఆమె మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

అప్పటికి చట్టం లేదని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకూ లేదు. 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం, హింస జరుగుతోందని నమ్మే కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. బస్తీ మీటింగుల్లో ఈ మాట ఎంతమందికి చెప్పాం?

అధికారి వచ్చేలోగా పక్కింటి తలుపు తట్టి కాస్త పంచదార అడిగినా, ఒక్కోసారి ఎత్తిన చెయ్యి దిగుతుంది. నేను ఆ మాత్రం కూడా చెయ్యలేదు. మీరు చెయ్యండి.