కాలేయమునకు పాకిన కాన్సరు: శస్త్రచికిత్సలో నూతన మార్గములు

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



కాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అనెడి వ్యాధి, కాలేయమునకు పాకినదని తెలిసినంతనే “ఇక చేయునది లేదు, ఇంటికి తీసికొనిపొండు” అను మాట గ్రామములలో వినబడుచుండును. ఒకప్పుడది చాలవరకు నిజమే. నేడు అన్ని సందర్భములలోను నిజము కాదు. పెద్ద ప్రేగులో పుట్టిన కాన్సరు విషయమున ఈ మార్పు స్పష్టముగా కానవచ్చుచున్నది.

ప్రేగులనుండి వచ్చు రక్తము మొదట కాలేయమునకే చేరును. కావున అచ్చటి కాన్సరు కణములు తరచుగా కాలేయములో నాటుకొని గడ్డలగును. అయితే కాలేయమునకు ఒక విశేషగుణము కలదు. ఆరోగ్యముగా నున్న కాలేయములో మూడింట రెండు వంతులు తీసివేసినను, మిగిలిన భాగము కొన్ని వారములలో పెరిగి పని నెరవేర్చును. ఫ్రెంచి వైద్యుడు క్లాడ్ కూయినో 1957లో ప్రచురించిన గ్రంథములో, వేరు వేరు రక్తనాళములు గల ఎనిమిది ఖండములుగా కాలేయమును వివరించెను. చెడిన ఖండములను మాత్రము తొలగించుటకు ఆ జ్ఞానము దారి చూపినది.

పూర్వము గడ్డలు మూడింటికి మించినచో వైద్యులు సాధారణముగా కత్తి పట్టెడివారు కారు. “గడ్డలెన్ని?” అనునది నాటి ప్రశ్న. “అన్నింటిని తీసివేసిన పిమ్మట మంచి కాలేయమెంత మిగులును?” అనునది నేటి ప్రశ్న. ఆరోగ్యమైన కాలేయములో నాలుగవ వంతుకు కొంచెము పైగా మిగిలిన చాలును. మద్యపానము వలన గాని, మందుల వలన గాని దెబ్బతిన్న కాలేయమైనచో అంతకు హెచ్చు మిగులవలయును.

మిగులునది చాలనిచో ఏమి చేయుదురు? చెరువు క్రింద రెండు కాలువలుండగా, ఒకదాని తూము మూసిన రెండవదానికి నీరు హెచ్చును గదా! 1980-90 మధ్య జపాను వైద్యులు ఆరంభించిన పద్ధతి అట్టిదే. గడ్డలున్న భాగమునకు పోవు సిరను మూసివేయుదురు. రక్తము మంచి భాగమునకు మరలి, అది పెరుగును. పిదప చెడిన భాగమును తొలగింతురు. గడ్డలను ముందు మందులతో కుదించి, పిమ్మట శస్త్రచికిత్స చేయవచ్చునని పారిస్ వైద్యులు 1996లో వెల్లడించిరి. చిన్న గడ్డలను సూది ద్వారా వేడి పంపి మాడ్చుటయు నేడు కలదు. శస్త్రచికిత్సకు వీలుపడని వారిలో జాగ్రత్తగా ఎంపిక చేసిన 94 మందిపై ఐరోపాలో జరిగిన పరిశోధన 2024లో ప్రచురితమైనది. మందులతోపాటు కాలేయ మార్పిడికి నిర్ణయింపబడిన వారిలో అయిదేండ్ల పిదప నూటికి 57 మంది, మందులకే నిర్ణయింపబడిన వారిలో 13 మంది జీవించియుందురని అందు తేలినది.

అయినను లేనిపోని ఆశ కల్పించుట తగదు. కాలేయమునకు పాకిన రోగులలో తొలుతనే శస్త్రచికిత్సకు తగినవారు ఇంచుమించు అయిదుగురిలో ఒకరు మాత్రమే. చేయించుకొన్నవారిలో రమారమి నూటికి 40 మంది అయిదేండ్లు దాటుదురు. అనేకులకు వ్యాధి తిరుగబెట్టును. ఇతర అవయవములలో పుట్టిన కాన్సరులకు ఈ లెక్కలు వర్తింపవు.

కావున మీ కర్తవ్యమేమి? మలములో రక్తము పడినచో మొలలని సరిపెట్టుకొననీయక పరీక్షకు పంపుడు. వ్యాధి కాలేయమునకు పాకినదన్నచో, ఆశ వదులుకొనుటకు ముందును, పొలము అమ్ముటకు ముందును, కాలేయ శస్త్రవైద్యుడు, కాన్సరు మందుల వైద్యుడు కలిసి విచారించు పెద్ద ఆసుపత్రికి పరీక్షల కాగితములన్నింటితో పంపుడు. “తొలగించుటకు వీలగునా? మిగులు కాలేయము చాలునా?” అని అడుగుడు. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద లభించు సహాయమును ముందే విచారింపుడు. వీలగునన్నచో ఆలస్యము చేయనీయకుడు; వీలుకాదన్నచో ఆ కుటుంబము అప్పులపాలు కాకుండ కాపాడుడు. రెండును గ్రామసేవయే.