ఆరుద్ర కార్తెలో చెరువుకట్టపై పిల్లలతో
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంటిపన్ను, మంచినీటి పథకము, వీధిదీపములు, మురుగుకాల్వలు - ఈ రెండు దినములుగా మీరు వినుచున్న విషయములివి. పిల్లలను వెంటబెట్టుకొని చెరువుకట్టపై నడచి వచ్చుట పంచాయతీ పని ఎట్లగునని మీలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. మా అభిప్రాయమును మార్చిన సంగతిని ముందుగా మనవి చేసెదము.

మా గ్రామపు చెరువుకట్టపై ఇరువదికి పైగా తాడిచెట్లు ఉండెడివి. కట్టమీది బాటను వెడల్పు చేయవలెననియు, చెట్లను వేలము వేసినచో ఖర్చులో కొంత కలిసివచ్చుననియు ఒక వేసవిలో మేము తీర్మానించితిమి. వేలమునకు తేదీ నిర్ణయమై, ప్రకటనయు వెలువడినది. ఆ వారముననే మా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, పిల్లలను చెరువు వైపు తీసికొనిపోవుటకు పెద్దలు తోడు కావలెనని కోరినది. మేము ముగ్గురము సభ్యులము, పూర్వము నీరుకట్టు పని చేసిన ఒక వృద్ధుడు బయలుదేరితిమి. ఆరుద్ర కార్తె ప్రవేశించి మూడు దినములైనది. ముందురాత్రి మంచి వాన కురిసినది.

కట్ట దిగువ ఎఱ్ఱనేలలో పిల్లలకు మొదట కనబడినవి ఆరుద్ర పురుగులు. మఖమలు గుడ్డ ముక్కల వలె మెల్లగా నడచుచున్న వానిని చూచి వారికి అడుగు సాగలేదు. పురుగు కనబడినదన్న నేల లోపలికి పదును దిగినదని గుర్తు అని వృద్ధుడు చెప్పెను. ఉపాధ్యాయిని కాళ్ళు లెక్కింపుమనగా ఎనిమిది తేలినవి. పురుగులకు ఉండవలసినవి ఆరు. కనుక ఇది సాలెపురుగునకు చుట్టమే గాని పురుగు కాదు. సంవత్సరములో ఎక్కువ కాలము మట్టిలోనే దాగియుండి, తొలివానలకు కొలది గంటలపాటు పైకి వచ్చును. ఇతర పురుగుల గ్రుడ్లను తినును. దీనిని ఏరి మందులకు అమ్ముట కొన్ని చోట్ల కలదు. పిల్లలు చూచి, ఎక్కడివక్కడ విడిచిపెట్టిరి.

చెరువులో నీరు ఇంకను మోకాలి లోతే. గట్టు ప్రక్క గోదురుకప్పలు పసుపు రాసికొన్నట్లు మెరయుచుండెను. జతకట్టు ఋతువున మగకప్పలకు ఆ రంగు వచ్చును. ఒకప్పుడు మన దేశమునుండి కప్పకాళ్ళు విదేశములకు విరివిగా ఎగుమతి అగుచుండెడివి. 1987లో ప్రభుత్వము దానిని నిషేధించినది. వరిమడిలో పురుగును తినిపెట్టు కప్పకు రైతు కూలి ఇయ్యనక్కరలేదు గదా!

తరువాత తాడిచెట్లకడకు వచ్చితిమి. నడినెత్తిన పసుపు రంగుతో మగ గిజిగాళ్ళు తాటాకు అంచును ముక్కుతో గాటుపెట్టి, పొడవుగా ఈనె చీల్చుకొని పోవుచుండెను. గూడు సగమల్లి మగపిట్ట ఆగును. ఆడుపిట్ట వచ్చి పరీక్షించి మెచ్చినచో మిగిలిన సగము పూర్తియగును. మెచ్చనిచో ఆ శ్రమ అంతయు వృథా. గూళ్ళన్నియు చెట్టునకు తూర్పు ప్రక్కనే ఏల ఉన్నవని ఒక బాలుడు అడిగెను. నైరుతి గాలివాన దెబ్బ అటు తక్కువ. గూటిలో మట్టిముద్దకు మిణుగురును అంటించి దీపము పెట్టుకొనునని మన పెద్దలు చెప్పుదురు. మట్టిముద్ద నిజము, దీపము కథ. అయినను పిల్లలకు రెండును చెప్పవచ్చును.

గూళ్ళను లెక్కింపుమనగా ఒకరు నలుబది మూడనిరి, ఒకరు నలుబది ఆరనిరి. ఆ తగవులోనే ఒక నాల్గవ తరగతి బాలిక చెట్టునకు అంటించిన కాగితమును చూచి గట్టిగా చదివినది. అది మా వేలము ప్రకటన. చివర మా సర్పంచి సంతకము వరకు చదివినది. మాలో ఎవరమును మాటాడలేదు.

మరుసటి సమావేశమున ఈ విషయము తిరిగి చర్చకు వచ్చినది. గిజిగాడు గింజలు తిను పిట్ట, దానికొరకు బాటను ఆపుటయా అని ఒక రైతు సభ్యుడు అడిగెను. అది న్యాయమైన ప్రశ్నయే. పండిన చేనిపై అవి వ్రాలుట మనమందరము ఎరిగినదే. అయితే తమ పిల్లలను అవి పురుగులతో పెంచునన్నదియు నిజము. ఇక చట్టము మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేట అను మాటకు అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గూళ్ళను కదలించుట కూడ అర్థముగా చెప్పబడినది. తుదకు వేలమును కార్తిక మాసమునకు వాయిదా వేసితిమి. అప్పటికి గూళ్ళు ఖాళీ అయినవి. కొలతలు మరల తీయించగా బాటకు నిజముగా అడ్డమైన చెట్లు తొమ్మిదే అని తేలినది. అవి పోయినవి, తక్కినవి నిలిచినవి. పంచాయతీకి సొమ్ము తగ్గిన మాట దాచము.

పిల్లలు ఆనాడు కట్టపైకి రాకున్నచో మేము ఆ చెట్లను తలయెత్తి చూచియుండము. మేము పుట్టిపెరిగిన ఊరే అది.

మీ గ్రామములలో ఈ పనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. మన కార్తెలే కార్యక్రమ పట్టిక. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య సంఘము ఉండవలెను. అది గ్రామస్థులను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధము చేయవలెను. చాల చోట్ల ఆ రిజిస్టరు బీరువాలో ఉన్నది. దానిని పిల్లల చేతికిచ్చి, గొఱ్ఱెల కాపరిని, నీరుకట్టును, మందుమొక్కలెరిగిన అవ్వను అడిగి వ్రాయింపుడు. మా వృద్ధుడు మూడు రకముల కొంగలకు మూడు పేర్లు చెప్పెను. మాకు తెలిసినది ఒక్కటే. ఆయన ఇప్పుడు లేడు. ఆ పేర్లు పిల్లల వ్రాతలో ఉన్నవి.

శీతకాలమున శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకో, నేలపట్టునకో పిల్లలను పంపగలిగినచో మరియు మంచిది. నేలపట్టు చెరువులో గూడబాతుల రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని అక్కడి రైతులు ఆ పక్షులను ఆదరింతురు.

జాగ్రత్తలు మాత్రము మరువరాదు. పదిమంది పిల్లలకు ఒక పెద్దవారైనను ఉండవలెను. చెరువు లోతును, పాడుబావులను ముందురోజే చూచి రావలెను. పుట్టలలో, బొరియలలో చేయి పెట్టనీయరాదు. చెప్పులు లేనివారిని గడ్డిలోనికి దింపరాదు. జెఱ్ఱిపోతు ఎలుకలను తిను విషములేని పాము, దానిని కొట్టనీయకుడు. కాని ఏ పామునైనను దూరమునుండియే చూడవలెను. పాము కరచినచో కట్లు, కోతలు, మంత్రములు మాని, కరచిన అవయవమును కదలనీయక వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేర్పవలెను.

ఆరుద్ర కార్తె జూన్ 22వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. అప్పటికి పాఠశాలలు తెరచియుండును. వాన కురిసిన మరునాటి ఉదయము, ఎండ ముదురకముందు బయలుదేరుట మంచిది.