కొయ్యచీల



మన నెల్లూరు సముద్రతీరమున ఇనుపమేకును నమ్ముటకు వీలులేదు. ఉప్పుగాలి సోకి త్వరలోనే త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును గనుక, మేకు క్షీణించుచునే తన్ను పట్టియున్న కొయ్యను పగులగొట్టును. కొయ్యచీలకు ఈ దోషము లేదు.

పంచతంత్రమందు మిత్రభేదమున చీలను ఊడబెరికి నశించిన కోతికథ మీరెల్లరు ఎఱుగుదురు. ఆ కథలో మనము కోతినే చూతుము. నేను వడ్రంగిని చూడుడందును. సగము చీల్చిన మ్రాను మూసికొనకుండ అతడు నడుమ నిలిపినది చండ్రకొయ్య చీల. చండ్ర మిక్కిలి గట్టిది. మెత్తని చీలయైనచో తానే నలిగిపోవును గదా!

మనకు చేవగల తుమ్మ చాలును. అది బాగుగా ఆరినదై యుండవలెను. పచ్చిచీల నేడు బిగిసినను రేపు ఎండి వదులగును. నార నిడివివెంట సాగవలెను. ఎనిమిదంగుళముల నిడివికి ఒక అంగుళము చొప్పున వాలుంచుడు. మొద్దుచీల దెబ్బకు వెనుకకు ఎగిరిపడును.

గొడ్డలికామ వదులైనప్పుడు రాత్రి నీటిలో నానవేయుట మనవారి వాడుక. అది ఒకపూట వైద్యము. నానిన కొయ్య ఉబ్బుటకు చోటులేక ఇనుములో నలిగి, ఆరినపిదప మునుపటికంటె సన్నగిలును. ఆ గొడ్డలి ఊడి ఎవనిమీద పడునో! కామకొనను ఱంపముతో కోసి, ఆ కోతలో ఎండుచీలను దిగగొట్టుడు.

ద్వారబంధములయందు మఱొక మెలకువ కలదు. గూటిలో చొప్పించిన మొనను చీలతో విప్పునప్పుడు, అది గూటికొయ్య నార సాగు దిక్కుననే విచ్చుకొనవలెను. అడ్డముగా విచ్చినచో గూడే పగులును.

చెదలు తిన్న స్తంభము క్రుంగి దూలము వంగినప్పుడు జోడుచీలలు వలయును. ముందుగా ప్రక్కన ఒక గట్టి గుంజను పలకమీద నిలుపుడు. గుంజకును దూలమునకును నడుమ రెండు చీలలను ఎదురెదురు వాలులతో ఒకదానిపై నొకటి యుంచి, ఇరువైపులనుండి మార్చిమార్చి కొట్టుడు. వాలులు ఒండొంటిపై జాఱి దూలము వెండ్రుకవాసి చొప్పున లేచును. ఒక్కదినముననే ఎత్తుటకు తొందరపడరాదు, గోడ బీటలువాఱును. దూలము క్రింద పిల్లలను నిలువనీయకుడు. దూలము స్థానమునకు వచ్చినపిదప పాతస్తంభమును మార్చవచ్చును.

1927 నవంబరులో నెల్లూరును, 1989 నవంబరులో కావలి ప్రాంతమును తుపానులు తాకినవి. చీల యొక్కటే అట్టి గాలిని ఆపునని నేననను. గాలి కప్పును పైకి లాగును గనుక వాసములను దూలములకు త్రాళ్లతో కట్టియే తీరవలెను. అయినను వదులైన కూర్పు గాలికి ఊగి ఊగి త్రాటిని సైతము ఒరసి తెంచును.

చీలలు బిగించుటకు గ్రీష్మాంతము తగినకాలము. అప్పుడు కొయ్య ఎండి సందులు తెఱచుకొనియుండును. వానలకు చీల ఉబ్బి మఱింత బిగియును. ఆశ్వయుజమునకు ముందు మఱల కొయ్యసుత్తితో తట్టి చూడుడు. వదులైన చీల గలగలలాడును. అందుకే మొదట కొట్టినప్పుడు చీలతలను మట్టముగా కోసివేయక అంగుళము మిగిల్చి యుంచుడు. రెండవమాఱు కొట్టుటకు చోటుండును.